ఎంబీఆర్ (పార్టిషన్ల పట్టిక ఉండే మొదటి సెక్టార్) చదివితే పార్టిషన్ 1.7 టీబీ దగ్గర మొదలవుతోందట, కార్డేమో 64 జీబీ. సీ కోడ్‌లో తేడా ఎక్కడ?

కొర్లగుంట కుర్రోడు:

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఎంసీఏ చదువుతున్నాను. కాలేజీ అయ్యాక మా బాబాయి ఫోటో స్టూడియోలో కూర్చుంటాను. తిరుచానూరులో జరిగిన ఒక పెళ్ళికి వాడిన 64 జీబీ ఎస్‌డీ కార్డు ఉన్నట్టుండి మొరాయించింది. కెమెరా ‘కార్డు చదవలేను’ అంటుంది. విండోస్‌లో పెడితే ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. ఏదీ నొక్కకుండా బయటికి తీసేశాం. ముహూర్తం ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. పెళ్ళివాళ్ళు పూటకోసారి ఫోన్ చేస్తున్నారు, బాబాయి ఫోన్ నా చేతికిచ్చి టీకి వెళ్ళిపోతున్నాడు.

ఉబుంటులో పెడితే మౌంట్ కాలేదు. కానీ పార్టిషన్లు చూపించే ఎఫ్‌డిస్క్‌లో మాత్రం బాగానే కనబడుతోంది. మొత్తం 124735488 సెక్టార్లు, సెక్టార్‌కి 512 బైట్లు. పార్టిషన్ ఒక్కటే, మొదలు 32768, పొడవు 124702720, టైప్ 7.

పోయిన ఫోటోలు వెలికితీసే ఫోటోరెక్ ఉందని తెలుసు. అయితే మినీ ప్రాజెక్టు కూడా ఇదే అని గైడ్‌కి చెప్పేశాను, అందుకే సీలో నేనే రాస్తున్నాను. మొదటి మెట్టు మీదే ఆగిపోయాను.

లైనక్స్‌లో ఆ కార్డు పేరైన ఎస్‌డీబీ డివైస్‌ని సుడోతో, రీడ్‌ఓన్లీగా తెరుస్తున్నాను. ఎంబీఆర్ కోసం ఒక స్ట్రక్ట్ రాసుకున్నాను. అందులో ముందు 446 బైట్ల బూట్ కోడ్, తర్వాత నాలుగు పార్టిషన్ ఎంట్రీలు, చివర 16 బిట్ల సంతకం. ఒక్కో ఎంట్రీలో స్టేటస్ ఒక బైటు, సీహెచ్‌ఎస్ (పాతకాలపు డిస్క్ చిరునామా) మూడు బైట్లు, టైప్ ఒక బైటు, మళ్ళీ సీహెచ్‌ఎస్ మూడు, ఆ తర్వాత మొదలు, పొడవు. ఈ చివరి రెండూ యూఇంట్32_టీ, అంటే 32 బిట్ల అన్‌సైన్డ్ సంఖ్యలు. రీడ్‌కి ఆ స్ట్రక్ట్ చిరునామా, దాని సైజ్‌ఆఫ్ ఇస్తున్నాను.

మొదటి ఎంట్రీ ఇలా ప్రింట్ అవుతోంది: టైప్ హెక్స్‌లో ఎఫ్‌ఎఫ్, మొదలు 3489660928, పొడవు 1902. అంటే 64 జీబీ కార్డులో పార్టిషన్ 1.7 టీబీ దాటాక మొదలవుతోందన్నమాట! సంతకం 55 ఏఏ రావాల్సిన చోట సున్నా వస్తోంది, ఆ చెక్‌ని ప్రస్తుతానికి కామెంట్‌లో పెట్టాను.

క్లాసులో ఒకడు ‘కెర్నల్ క్యాష్‌లోంచి పాత డేటా వస్తుంటుంది, ఓ_డైరెక్ట్ (క్యాష్‌ని దాటేసి నేరుగా చదివే ఫ్లాగ్) పెట్టు’ అన్నాడు. పెడితే రీడ్ మైనస్ ఒకటి ఇస్తోంది, ఎర్ర్‌నో ఈఇన్‌వాల్, అంటే ఇచ్చింది చెల్లదని. ఇంకోటి, కార్డు సైజు కోసం ఫైల్ వివరాలు చెప్పే ఎఫ్‌స్టాట్‌ని అడిగితే సున్నా చెబుతోంది.

పోయింది కార్డా, నా కోడా?

బైరాగిపట్టెడ బ్యాకప్:

తమ్ముడూ, కోడ్ సంగతి తర్వాత. ముందు ఆ కార్డుని డీడీరెస్క్యూతో (పాడైన డిస్క్‌ల నుంచి కాపీ తీసే ప్రోగ్రామ్) ఒక ఇమేజ్ ఫైల్‌గా తీసుకో, మ్యాప్ ఫైల్ కూడా ఇచ్చి నడుపు. ఎక్కడెక్కడ చదవలేకపోయిందో ఆ మ్యాప్‌లో రాసిపెడుతుంది, మధ్యలో ఆగిపోయినా అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెడుతుంది. 64 జీబీ ఖాళీ ఉన్న హార్డ్‌డిస్క్ చూసుకో. తర్వాత కార్డుని డబ్బాలో పెట్టేసి, నీ ప్రోగ్రామ్ చేసే ప్రయోగాలన్నీ ఆ ఫైల్ మీద చెయ్. చావడానికి సిద్ధంగా ఉన్న కార్డుని డీబగ్గింగ్ కోసం వందసార్లు చదివిస్తే అది ఊరుకోదు.

కార్డు పక్కనున్న చిన్న లాక్ మీటని నమ్ముకోవద్దు. అది కార్డు లోపల రాతని ఆపదు, రీడర్ దాన్ని గమనించి ఆగితేనే ఆగినట్టు.

గిరింపేట అక్క:

పైన చెప్పింది ముందు చెయ్. ఇక నీ ప్రశ్న. నువ్విచ్చిన అంకెల్లోనే జవాబుంది, క్యాలిక్యులేటర్‌ని హెక్స్‌లో పెట్టుకుని నాతో రా.

ఎఫ్‌డిస్క్ చెప్పిన మొదలు 32768. డిస్క్ మీద అది లిటిల్ ఎండియన్‌లో, అంటే చిన్న విలువ బైటు ముందు వచ్చేలా, ఇలా ఉంటుంది: 00 80 00 00. పొడవు 124702720 ఇలా ఉంటుంది: 00 డీ0 6ఈ 07. ఈ ఎనిమిదీ వరుసగా ఉంటాయి. ఇప్పుడు నీ ప్రోగ్రామ్ చెప్పిన 3489660928ని హెక్స్‌లోకి మార్చు, డీ0000000 వస్తుంది. అంటే నువ్వు చదివిన నాలుగు బైట్లు 00 00 00 డీ0. పై వరుసలో ఇవి ఎక్కడున్నాయో చూడు. మొదలులోని చివరి రెండు, పొడవులోని మొదటి రెండు. నీ 1902 హెక్స్‌లో 76ఈ, అది పొడవులో మిగిలిన 6ఈ 07, పక్క ఎంట్రీలోని రెండు సున్నాలు. టైప్ దగ్గర ఎఫ్‌ఎఫ్ రావడమూ అంతే, అది రెండో సీహెచ్‌ఎస్‌లోని మధ్య బైటు. అన్నీ సరిగ్గా రెండు బైట్లు జరిగాయి. పెళ్ళి బంతిలో ఇద్దరు లేచిపోతే తర్వాతవాళ్ళందరి పాయసం పక్కాకులో పడ్డట్టు.

ఆ రెండు బైట్లు పెట్టింది నీ కంపైలర్. యూఇంట్32_టీ ఉన్న స్ట్రక్ట్ నాలుగుతో భాగించబడే చోట మొదలవ్వాలని దాని నియమం. 446ని నాలుగుతో భాగిస్తే రెండు మిగులుతుంది. కాబట్టి బూట్ కోడ్ తర్వాత రెండు బైట్ల ప్యాడింగ్ (ఖాళీ పూరకం) పెట్టి, ఎంట్రీలని 448 నుంచి మొదలుపెట్టింది. సంతకం 510 దగ్గర ఉండాల్సింది 512కి పోయింది, అంటే నువ్వు చూస్తున్నది రెండో సెక్టార్‌లోని మొదటి రెండు బైట్లు. చివర ఇంకో రెండు కలిపి నీ సైజ్‌ఆఫ్ 516 అయ్యుంటుంది. ప్రింట్ చేసి చూడు.

ఈఇన్‌వాల్ కూడా ఇక్కడి నుంచే వచ్చింది. మామూలు రీడ్‌కి 516 బైట్లైనా పరవాలేదు, కెర్నల్ మధ్యలో ఉండి సర్దుకుంటుంది. ఓ_డైరెక్ట్‌లో సర్దుబాటు లేదు. చదివే పొడవు, చదివే చోటు లాజికల్ సెక్టార్ గుణిజాలుగా ఉండాలి, బఫర్ చిరునామా కూడా మామూలుగా ఆ హద్దు మీదే ఉండాలి. 516ని 512 చేసినా, స్టాక్ మీద ఎక్కడో ఉన్న స్ట్రక్ట్ చిరునామా ఇస్తే మళ్ళీ ఈఇన్‌వాల్ రావచ్చు. పోసిక్స్_మెమ్‌అలైన్‌తో 4096 హద్దు మీద బఫర్ తీసుకుంటే గొడవ ఉండదు. కానీ అసలు నీకు ఓ_డైరెక్ట్ దేనికి? కార్డు మీద ఎవరూ ఏమీ రాయడం లేదు కదా, క్యాష్‌లో పాతదేం ఉంటుంది? తీసెయ్.

స్ట్రక్ట్‌కి ప్యాడింగ్ వద్దని చెప్పే ప్యాక్డ్ తగిలించమని చాలామంది చెబుతారు. పనిచేస్తుంది. నాకైతే అది ఇష్టం లేదు. ఎంబెడెడ్ పనిలో ఉన్నాను, రకరకాల ప్రాసెసర్ల మీద ఇదే కోడ్ నడవాలి. డిస్క్ మీదున్న ఆకారాన్ని కంపైలర్ ఆకారంతో ముడిపెట్టడం ఎప్పుడో ఒకప్పుడు కొరుకుతుంది. 512 బైట్ల మామూలు శ్రేణిలోకి చదువు. 510, 511 స్థానాల్లో 55, ఏఏ ఉన్నాయా చూడు. 446 నుంచి 16 బైట్ల చొప్పున నాలుగు ఎంట్రీలు. ఎంట్రీలో 4వ బైటు టైప్, 8 నుంచి మొదలు, 12 నుంచి పొడవు. నాలుగు బైట్లని షిఫ్ట్ చేసి కలిపే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుంటే ప్యాడింగూ ఎండియన్ గొడవా రెండూ పోతాయి.

ఆ శ్రేణి మాత్రం అన్‌సైన్డ్ చార్ అయ్యుండాలి. నీ 32768లోనే 80 అనే బైటు ఉంది. ఉత్త చార్ పెడితే మీ లాప్‌టాప్‌లో అది మైనస్ 128 అవుతుంది, షిఫ్ట్ చేసి కలిపితే ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌ఎఫ్8000 వస్తుంది, మళ్ళీ ఇక్కడికొచ్చి ఇంకో ప్రశ్న వేస్తావు.

స్ట్రక్టే కావాలంటే సీ11లో వచ్చిన స్టాటిక్ అసర్ట్‌తో సైజు 512 అని ఒక్క లైన్ రాసిపెట్టు, తేడా ఉంటే కంపైలే కాదు. సంతకం చెక్ మాత్రం కామెంట్‌లోంచి బయటికి తియ్. తప్పు ఎక్కడుందో నీకు మొదట చెప్పింది అదే, దాని నోరే మూశావు.

ఎఫ్‌స్టాట్ సున్నా అనడం సహజమే. బ్లాక్ డివైస్‌కి ఆ గడిలో సైజు ఉండదు. ఐఓసీటీఎల్‌తో బీఎల్‌కేగెట్‌సైజ్64 అడుగు, బైట్లలో చెబుతుంది. పేరు చివర 64 లేనిది కూడా ఒకటుంది, అది 512 బైట్ల ముక్కల లెక్కలో చెబుతుంది, కంగారులో కలిపేయకు. ఇమేజ్ ఫైల్ మీద పనిచేస్తే ఎఫ్‌స్టాటే చాలు, సుడో కూడా అక్కర్లేదు.

తర్వాతి మెట్టు: 32768వ సెక్టార్ చదువు. 64 జీబీ కార్డులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌లో వస్తాయి, 3వ బైటు నుంచి ఎక్స్‌ఫ్యాట్ అనే పేరు ఆంగ్ల పెద్దక్షరాల్లో కనబడాలి. మౌంట్ కాలేదన్నావు కాబట్టి అక్కడ చెడిపోయి ఉండొచ్చు. ఎక్స్‌ఫ్యాట్‌లో బూట్ భాగం 12 సెక్టార్లు, దాని వెనకే ఇంకో 12 సెక్టార్లలో నకలు ఉంటుంది. 32780 కూడా చూడు. మొత్తం డిస్క్ తెరిస్తేనే ఈ 32768 కలపాలి. ఎస్‌డీబీ1 తెరిస్తే పార్టిషన్ సున్నా నుంచే మొదలవుతుంది, అక్కడ కలిపితే దారి తప్పుతావు.

కిటికీ మనిషి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను విండోస్‌లో ఇదే పని చేస్తున్నా, తిలక్ రోడ్డులో సర్వీస్ షాపు మాది. క్రియేట్‌ఫైల్‌కి ఫిజికల్‌డ్రైవ్1 ఇస్తే ఒకసారి ఎర్రర్ 2, ఇంకోసారి 5. అవి దాటితే రీడ్‌ఫైల్ దగ్గర 87. ఏం మాయో!

గిరింపేట అక్క:

2 అంటే ఆ పేరుతో ఏదీ దొరకలేదని. సీ స్ట్రింగ్‌లో ఒక్కో బ్యాక్‌స్లాష్‌ని రెండుగా రాయాలి. కాబట్టి ముందు నాలుగు, చుక్క, తర్వాత రెండు, అప్పుడు ఫిజికల్‌డ్రైవ్1. 5 అంటే అనుమతి లేదు, అడ్మినిస్ట్రేటర్‌గా నడుపు. షేర్ ఫ్లాగుల్లో రీడ్, రైట్ రెండూ ఇవ్వు, తెరిచే పద్ధతి ఓపెన్_ఎగ్జిస్టింగ్. 87 అంటే చదివే పొడవో చోటో సెక్టార్ గుణిజం కాదని, అదే 516 కథ అయ్యుంటుంది. రాయాలని మాత్రం చూడకు. విస్టా వచ్చినప్పటి నుంచి విండోస్, మౌంట్ అయి ఉన్న వాల్యూమ్ సెక్టార్ల మీద నేరుగా రాయనివ్వదు, ముందు లాక్ చేసి డిస్‌మౌంట్ చేయాలి. అంతవరకు వస్తే వేరే ప్రశ్న పెట్టండి.

కొర్లగుంట కుర్రోడు:

అక్కా, సైజ్‌ఆఫ్ 516! మీరు చెప్పినట్టు ఉత్త శ్రేణితో రాస్తే 32768, 124702720, టైప్ 7, సంతకం అన్నీ వచ్చేశాయి. గైడ్‌కి ఆ హెక్స్ లెక్క బోర్డు మీద వేసి చూపిస్తే, కూర్చున్న మనిషి లేచి వచ్చి చూశారు.

ఇమేజ్ కూడా తీశాను. డీడీరెస్క్యూ కొద్ది చోట్ల తప్ప అంతా చదివింది. 32768వ సెక్టార్ మొత్తం సున్నాలు. 32780లో ఎక్స్‌ఫ్యాట్ అని చక్కగా ఉంది.

ఇప్పుడు కొత్త సమస్య. ఎక్స్‌ఫ్యాట్ లోపలికి వెళ్ళే ముందు సులువుదని జేపెగ్ వెతుకులాట రాశాను. ఇమేజ్‌లో మొదటి సెక్టార్ నుంచి చివరి దాకా ఒక్కొక్కటీ చదివి, ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్‌తో మొదలైతే అక్కడి నుంచి ఫైల్‌గా రాస్తున్నాను. ఫోటోలు వచ్చాయి! పందిరి, గౌరీపూజ, మేనమామ బుట్టలో పెళ్ళికూతుర్ని తేవడం దాకా వచ్చాయి. ఆ తర్వాత తాళి రాలేదు, మళ్ళీ పందిరే వచ్చింది. మళ్ళీ గౌరీపూజ, మళ్ళీ బుట్ట. పందిరి ఫోటో ఒక్కటే పదిహేను కాపీలు ఉంది. తలంబ్రాలు అసలు లేనే లేవు. ఎర్రర్ ఒక్కటి కూడా లేదు. లూప్‌లో సెక్టార్ నంబర్ యూఇంట్32_టీ, చెప్పిన చోటు నుంచి చదివే పీరీడ్‌కి దాన్ని 512తో గుణించి ఇస్తున్నాను.

బైరాగిపట్టెడ బ్యాకప్:

పెళ్ళికూతుర్ని పదిహేనుసార్లు మోసిన మేనమామ నడుం ఏమైందో పాపం.

గిరింపేట అక్క:

పదిహేను అన్నావు చూడు, అదే పట్టిచ్చింది. 32 బిట్ల సంఖ్యని 512తో గుణిస్తే గుణకారం కూడా 32 బిట్లలోనే జరుగుతుంది. జవాబుని ఆఫ్_టీలో (ఫైల్‌లో చోటుని చెప్పే రకం) పెట్టుకున్నా లాభం లేదు, అప్పటికే పై బిట్లు రాలిపోయి ఉంటాయి. 8388608వ సెక్టార్ అంటే సరిగ్గా 4294967296వ బైటు, 32 బిట్లలో అది సున్నా. అంటే ప్రతి 4 జీబీకి నువ్వు మళ్ళీ కార్డు మొదటికి వచ్చేస్తున్నావు. 124735488ని 8388608తో భాగించు, 14.87. పద్నాలుగు పూర్తి చుట్లు, పదిహేనోది ముక్కాలు పైచిలుకు. పందిరి ఫోటో కార్డు మొదట్లోనే ఉంది కాబట్టి పదిహేను కాపీలు వచ్చింది. బుట్ట ఫోటోల్లో చివరివి పద్నాలుగే ఉండొచ్చు, లెక్కపెట్టు.

గుణించే ముందే సెక్టార్ నంబర్‌ని యూఇంట్64_టీలోకి మార్చు. గుణించాక మార్చితే ఇప్పుడున్నదే. ఎవరైనా ఇదే కోడ్‌ని 32 బిట్ల లైనక్స్ మీద నడిపితే ఫైల్_ఆఫ్‌సెట్_బిట్స్‌ని 64గా డిఫైన్ చేసి కంపైల్ చేయాలి, లేకపోతే ఆఫ్_టీయే చిన్నది.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. సెక్టార్ నంబర్ ఉత్త ఇంట్ అయ్యుంటే మామూలుగా 2 జీబీ దగ్గరే నెగెటివ్‌లోకి పోయి, పీరీడ్ ఈఇన్‌వాల్ అని మొహం మీద చెప్పేది. అన్‌సైన్డ్ కాబట్టి చప్పుడు లేకుండా చుట్టు తిరిగింది. అలా కేక పెట్టే తప్పే నయం.

పీరీడ్ తిరిగిచ్చే సంఖ్య 512 అవునో కాదో ప్రతిసారీ చూడు. తక్కువ వచ్చినప్పుడు బఫర్‌లో పాత సెక్టార్ ముక్క మిగిలే ఉంటుంది, అదీ ఫోటోలో కలుస్తుంది. ఇంకో మాట, ఒక్కో సెక్టార్‌కి ఒక్కో పీరీడ్ అంటే పన్నెండు కోట్లకు పైగా సిస్టమ్ కాల్స్. ఒకేసారి ఒక ఎంబీ చదివి, లోపల 512 చొప్పున చూసుకో.

అయితే పెళ్ళివాళ్ళ కోసం ఇంత దూరం వెళ్ళక్కర్లేదు. నకలు బూట్ భాగం బాగుందన్నావు కదా. ఇమేజ్‌ని ఇంకో కాపీ చెయ్. ఆ కాపీలో 32780 నుంచి ఉన్న 12 సెక్టార్లని 32768 మీదికి రాయి. తర్వాత ఇమేజ్ ఫైల్‌ని డిస్క్‌లా చూపించే లోసెటప్‌తో పార్టిషన్లు స్కాన్ చేయించి, రీడ్‌ఓన్లీగా మౌంట్ చెయ్. కార్డు మీద కాదు, అసలు ఇమేజ్ మీద కూడా కాదు, కాపీ మీద. ఫ్యాట్ (ఫైల్ ముక్కలు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక), రూట్ డైరెక్టరీ బాగుంటే పేర్లు, తేదీలతో సహా వస్తాయి. జేపెగ్ వెతుకులాటలో పేర్లు రావు, ఒకవేళ ఫైల్ ముక్కలుగా ఉంటే సగం ఫోటో తర్వాత ఇంకేదో వస్తుంది. అది ప్రాజెక్టుకి ఉంచుకో.

కొర్లగుంట కుర్రోడు:

మౌంట్ అయింది!! డీసీఐఎం ఫోల్డర్, దాని కింద అన్నీ. తాళి, తలంబ్రాలు, అప్పగింతలు, అన్నీ ఉన్నాయి. బాబాయి ఈసారి ఫోన్ తనే ఎత్తి ‘రేపు వచ్చి చూసుకోండమ్మా’ అన్నాడు. కొన్ని ఫోటోల్లో మాత్రం కింది సగం బూడిదరంగు. ఆ చోట్లని డీడీరెస్క్యూ మ్యాప్‌తో పోల్చాను, సరిగ్గా అది చదవలేకపోయిన సెక్టార్లే.

యూఇంట్64_టీకి మార్చాక జేపెగ్ వెతుకులాట కూడా చివరిదాకా వెళ్ళింది. బుట్ట ఫోటోల్లో చివరివి పాత ఫోల్డర్‌లో పద్నాలుగే ఉన్నాయక్కా, చూశాను. కానీ ఒక విచిత్రం. మౌంట్ చేస్తే వచ్చినవాటికన్నా నా ప్రోగ్రామ్‌కి ఎక్కువ ఫోటోలు దొరికాయి. చూస్తే అవి ఎవరిదో బారసాల. ఈ పెళ్ళికి సంబంధమే లేదు.

గిరింపేట అక్క:

విచిత్రమేం లేదు. అంతకుముందు ఆర్డర్‌వి. కెమెరాలో కార్డు ఫార్మాట్ చేస్తే మామూలుగా పట్టికలే ఖాళీ అవుతాయి, ఫోటోల బైట్లు మీద ఇంకోటి పడేదాకా అలాగే ఉంటాయి. రిపోర్టులో ఈ రెండు సంఖ్యల తేడా ఎందుకొచ్చిందో రాయి, గైడ్ అడిగే ప్రశ్న అదే. స్క్రీన్‌షాట్లకి మాత్రం వేరే కార్డు మీద నీ ఫోటోలే తీసి వాడుకో, ఆ బారసాల బిడ్డవీ వద్దు, పెళ్ళికూతురివీ వద్దు. పెళ్ళివాళ్ళ పెన్‌డ్రైవ్‌లోకి మౌంట్ చేసిన ఫోల్డర్‌లోంచే కాపీ చెయ్, నీ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోంచి వద్దు.

బూడిదరంగు వాటి కోసం డీడీరెస్క్యూని అదే మ్యాప్‌తో ఇంకోసారి నడిపి చూడు, రీట్రై సంఖ్య ఇచ్చి. వేరే రీడర్ దొరికితే దాంతో. కొన్నిసార్లు ఇంకొన్ని సెక్టార్లు వస్తాయి. రాకపోతే అవి పోయినట్టే, బాబాయిని ముందే చెప్పి ఉంచమను. ఆ కార్డు మళ్ళీ కెమెరాలోకి వెళ్ళకుండా చూసుకో.